ఎర్రన్న గురువు చివరి మాట

నల్లమాడ,
జ్యేష్ఠ బహుళ తదియ.

చిరంజీవి ఓబులేషుకు,

సన్యాసం పుచ్చుకున్న కొడుక్కి తల్లి దీవెన రాయాలో దండం రాయాలో తెలియక మన ఊరి ఆసుపత్రి నర్సమ్మ కృపాకుమారిని అడిగాను. "రెండూ రాయక్కా, ఏది కావల్లో ఆయప్పే తీసుకుంటాడు" అంది. అందుకని రెండూ పంపుతున్నాను. ఇక్కడ నేనూ, రెండు మేకలూ, గోడకు ఆనించిన నీ పాత సైకిలూ కులాసా. నువ్వు కూడా ఆ చలికొండల్లో దగ్గూ జలుబూ లేకుండా ఉన్నావనే అనుకుంటున్నాను. కవరు మీద వాళ్ళు నీకు పెట్టిన పేరు కృపాకుమారే ఇంగ్లీషులో రాసిపెట్టింది. లోపల మాత్రం నువ్వు ఓబులేషువే, ఏమీ అనుకోవద్దు.

ఈ ఉత్తరం నువ్వు చదివాక మీ పెద్ద గురువుగారికి కూడా ఆయనకు వచ్చిన భాషలో చెప్పు. ఆయన కూడా వినాలనే నీకు తెలిసిన సంగతులు కూడా మొదటి నుంచీ రాస్తున్నాను. విసుక్కోకు. నోటితో మాట్లాడేది మన భాషే అయినా, కలం పట్టుకుంటే నాకు వయోజన బడి సారు నేర్పిన భాషే వస్తుంది. దానికీ నవ్వకు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. మోకాళ్ళు ఎట్లా ఉన్నాయన్నావు. బడిలో వంటకు పోతున్నాను కదా, పొయ్యి మీది గుండిగ దించేటప్పుడు కాసేపు పలుకుతాయి, తర్వాత ఊరుకుంటాయి. వానలు పడ్డాయా అన్నావు. మృగశిర ఒట్టిగానే పోయింది. గాలి మబ్బును తెచ్చినట్టే తెచ్చి మళ్ళీ ఈడ్చుకుపోతోంది. విత్తనకాయ మూటల్లోనే ఉంది. ఎదురింటి బయమ్మ రోజూ పొద్దున చేలోకి పోయి, గుప్పెడు మన్ను తీసి నలిపి, తిట్టి పారేసి వస్తుంది. మీ నాయన తత్వాల నోటుబుక్కులు చెద పట్టకుండా చూడమన్నావు. పద్నాలుగూ రేకుపెట్టెలో వేపాకు మధ్య ఉన్నాయి.

మీరు తినేటప్పుడు ఎవరూ మాట్లాడరనీ, ఒక్కో ముద్దనూ గమనిస్తూ తినడం కూడా సాధనే అనీ రాశావు. అది చదివి నవ్వొచ్చింది. పిడికెడు సంగటి ఒక్కసారే మింగి, ఎక్కిళ్ళు తెచ్చుకుని, చెంబెడు నీళ్ళు తాగేవాడివి నువ్వు. "ఎవడన్నా ఎత్తుకపోతాడేమిరా?" అని మీ నాయన రోజూ అరిచేవాడు. ఆయన వల్ల కానిది మీ గురువు వల్ల అయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ ఉత్తరంలోని ఆఖరి పేజీ నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. "అమ్మా, చివరికి నాయనే గెలిచాడు" అని రాశావు. చనిపోయే ముందు ఆయన చెప్పిన మాట, "ఎరిగేవాడు లేడు, ఎరగాల్సింది లేదు" అన్నది, నువ్వు మీ గురువుకు చెప్తే ఆయన రెండు చేతులూ జోడించాడని రాశావు. మీ బౌద్ధ గ్రంథాల్లో ప్రజ్ఞ అనేది చివరికి చేరేది అక్కడికేనట కదా. జ్ఞానమూ లేదు, దాన్ని పొందడమూ లేదు అని ఉంటుందట కదా. బావులు తవ్వుకుని బతికిన మనిషి ఒక్క ఊపిరిలో అక్కడికి చేరాడు, నేను ఇన్నేళ్ళు కూర్చుని కూడా ఇంకా ఆయన కోసం ఏడుస్తున్నాను, ఈ ఏడుపే నా అవిద్య, దీన్ని వేరుతో సహా పెరికేదాకా బయటికి రాను అని రాశావు. ఆషాఢ పౌర్ణమి నుంచి మూడేళ్ళ మూడు నెలలు మౌనంలో కూర్చుంటాననీ, ఆ తర్వాత వచ్చే ఉత్తరాలు పెట్టెలో పెట్టేస్తారనీ రాశావు.

అది చదివాక నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

మీ గురువుగారికి తెలియదు కాబట్టి మా ఇంటి సంగతి చెప్తాను. మా ఆయన ఎర్రన్న, వయసులో ఉన్నప్పుడు, బావులు తవ్వేవాడు. రాతికి తూటా పెట్టి, పేల్చి, గంపతో ఎత్తే పని. వాళ్ళ గుంపు మేస్త్రీయే ఆయనకు చెవిలో ఉపదేశం ఇచ్చాడు. ఆ బోధ ఏమిటంటే, నేను ఉన్నాను, ఇది నాది అనే ఎరుక ఉంది చూడండి, అన్ని బాధలకూ అదే మూలం. అది విడిచిపెడితే మిగిలేది బయలు, అంటే ఏమీ లేని ఖాళీ. బయలుకు పుట్టడమూ లేదు, చావడమూ లేదు. లేని చావుకు ఏడవడమేమిటి? అందుకే మా మఠంలో ఎవరు పోయినా ఏడవకూడదు. తంబుర మీటి, తాళాలు వేసి, తత్వాలు పాడి, మనిషిని కూర్చోబెట్టి సమాధి చేస్తాం. గురువు పోతే ఆయన భార్య గాజులు కూడా తియ్యదు. మఠం అంటే పెద్దదేమీ కాదు, మా ఇంటి పక్కన రేకుల షెడ్డు. మేస్త్రీ తర్వాత మా ఆయన గురువయ్యాడు. ఆయనకు అక్షరం రాదు. ఆయన నోటి నుంచి వచ్చింది పోకూడదని నేను చదువు నేర్చుకుని ముప్పై ఏళ్ళు రాశాను.

ఓబులేషూ, అంజలి పోయిన రోజు నీకు గుర్తుంది. గుర్తుండబట్టే కదా అంత దూరం పోయావు. దానికి తొమ్మిదేళ్ళు. నీకు పదహారు. నాలుగు రోజుల జ్వరం, అంతే. షెడ్డులో దాన్ని చాప మీద పడుకోబెట్టి మీ నాయన తంబుర తీసుకున్నాడు. నువ్వు చెల్లెలి కాళ్ళు పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే, లేచి వచ్చి నీ చెంప మీద కొట్టాడు. "ఏడుస్తాండావంటే అది చచ్చిందనుకుంటాండావు. అది యాడికీ పోలేదురా!" అన్నాడు. నువ్వు నా వైపు చూశావు. నేను ఏం చేశానో కూడా నీకు గుర్తుంటుంది. తలొంచుకుని తాళాలు వేశాను.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు నువ్వు ఈ ఇంట్లో ఉన్నట్టే ఉండి లేవు. ఏవో పుస్తకాలు తెచ్చుకుని చదివేవాడివి. పోయే రోజు గడపలో నిలబడి, "నాయనా, నీ జ్ఞానం దుఃఖం లేదంటాది. బుద్ధుడు దుఃఖం ఉండాది అని మొదలుపెట్టినాడు. నాకు ఆయన కావల్ల" అన్నావు. ఆయన తంబుర తీగ బిగించుకుంటూ, "ఉండాదనుకునేటోడికి ఉంటాది. పో" అన్నాడు. ఈ ఆరేళ్ళలో నువ్వు రాలేదు, ఆయన రమ్మనలేదు. ఇద్దరి మొండితనమూ ఒకటే మన్ను.

నువ్వు రాశావు కదా, ప్రజ్ఞ అంటే మీ దగ్గర ఉన్నది ఉన్నట్టు చూడటమని. సరే. నాలుగు నెలలుగా నేను నీకు లేనిది చూపించాను. ఇప్పుడు ఉన్నది చూడు.

ఆ చివరి మాట మీ నాయన అనలేదు. నేను అన్నాను.

ఆయన పోయింది మాఘంలో. బావుల్లో పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తులను తినేసిందని నీకు తెలుసు. మంచాన పడిన చివరి మూడు రోజులూ నేనూ కృపాకుమారీ తప్ప ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు. గురువు మౌనంలో ఉన్నాడు, లోపలికి రావద్దని శిష్యులకు చెప్పి తలుపు వేశాను. మౌనమూ లేదు, మన్నూ లేదు. ఆయన ఏడుస్తున్నాడు.

మొదటి రోజు పొద్దున, "మారెక్కా, ఓబులేషు యాడుండాడు?" అన్నాడు. కొండల్లో ఉన్నాడని చెప్పాను. "రమ్మను" అన్నాడు. మధ్యాహ్నానికి అంజలి పేరు ఎత్తాడు. పద్నాలుగేళ్ళలో ఆ పేరు ఆయన నోట వినడం అదే మొదలు. "బిడ్డను చేత్తో తాకి చూడకుండా పంపిస్తినే. పాడుకుంటా కూచుంటినే" అని తల అటూ ఇటూ కొట్టుకున్నాడు. రెండో రోజు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "నాకు భయమైతాంది మారెక్కా. ఇన్నేళ్ళూ బయలు బయలు అంటి. ఈడ చీకటి తప్ప నాకేం కనపళ్ళేదే" అన్నాడు. ఆయన చెప్పినవే కదా నా దగ్గర ఉన్నవి. వాటిలో ఒకటి పాడబోయాను. "వద్దు, అది వద్దు. వాణ్ణి పిలువు" అన్నాడు.

కృపాకుమారి అప్పటికే ఫోను చేతిలో పట్టుకుని నిలబడింది. "అక్కా, ఆ కొండల నంబరు ఇయ్యి. ఈ పొద్దు బయల్దేరితే ఎల్లుండికి గుత్తిలో దిగుతాడు. మా యేసయ్య సాక్షిగా నేనే స్టేషన్‌కు పోయి తీసుకొస్తా" అంది. నంబరు నా కొంగు ముడిలో ఉంది. ఇవ్వలేదు. "వద్దు పాపా" అన్నాను. మరుసటి రోజు పొద్దున మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. "నీకేమన్నా రాతిగుండెనా అక్కా?" అని ఆ పిల్ల బయటికి పోయి వేపచెట్టు కింద నిలబడి ఏడ్చింది. మా మఠం కట్టు లేదు కాబట్టి దానికి ఏడవొచ్చు.

ఎందుకు వద్దన్నానో చెప్తాను. నువ్వొస్తే చూస్తావు. ఏడిస్తే కొట్టిన నాయన ఏడుస్తుంటే చూస్తావు. అది ఆయనకు చిన్నతనమని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆయన సంగతి కాదురా, నా సంగతి. ఆయన జ్ఞాని అనే కదా నేను ముప్పై ఏళ్ళు పద్నాలుగు బుక్కులు రాశాను. ఆయన జ్ఞాని అనే కదా నా బిడ్డ శవం ముందు కూర్చుని తాళాలు వేశాను. ఆయన జ్ఞాని కాకపోతే నేను ఆ రోజు వేసింది దేనికి? ఆ ప్రశ్న గడప దాటి లోపలికి రాకుండా తలుపు వేశాను. ఆ తలుపు బయట నువ్వు ఉండిపోయావు.

ఆయన పోయాక తలుపు తీస్తే నలభై మంది నిలబడి ఉన్నారు. కొత్తచెరువు కేశవులు, అదే, కిరాణా దుకాణం కేశవులు శెట్టి, అందరికంటే ముందున్నాడు. గురువు చివరగా ఏం పలికితే అదే శిష్యులకు ఆఖరి ఉపదేశమని మన మఠం ఆచారం. "అమ్మా, గురువు ఏం సెలవిచ్చినాడు?" అన్నాడు. నలభై మొహాలు నా నోటి వైపు చూస్తున్నాయి. "ఎరిగేవాడు లేడు, ఎరగాల్సింది లేదు" అన్నాను. ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు రాసిన చెయ్యి నోటికి అందించినట్టుంది. అందరూ నేల మీద పడి మొక్కారు. ఆ సాయంత్రం నీకు ఫోను చేయించి, మీ నాయన ఆ మాట అన్నాడు, ఎవరినీ అడగలేదు, దీపం ఆరినట్టు పోయినాడు అని చెప్పాను. ఆ తర్వాత కూడా నేను నిజం చెప్పలేదు.

ఆ మాట మీ గ్రంథంలో ఉంటే ఉండొచ్చు. నిజమే కూడా కావచ్చు, నాకు అంత తెలియదు. కానీ అది నా నోటి నుంచి భయం వల్ల వచ్చింది. దాన్ని పట్టుకుని నువ్వు నీ కన్నీళ్ళను పెరికేసుకోవద్దు.

మొన్న శనివారం కొత్తచెరువుకు పోయాను. ఆషాఢ పౌర్ణమికి గురుపూజ చేసి, ఆ రోజు సమాధి దగ్గర రాయి నిలబెట్టాలని కేశవులు ఏర్పాటు చేస్తున్నాడు. దుకాణం వెనక నల్లరాయి ఉంది. దాని మీద నేను చెప్పిన మాట లోతుగా చెక్కి ఉంది. నువ్వు మౌనంలో కూర్చునేది కూడా ఆ పౌర్ణమికే. ఇక ఆగలేకపోయాను. గిరాకీలు పోయేదాకా ఉండి ఆయనకు అంతా చెప్పాను.

"మా గురువు ఏడ్చినాడా?" అన్నాడు.

"ఏడ్చినాడప్పా."

"భయపడినాడా?"

"భయపడినాడు."

కేశవులు తక్కెడ పళ్ళెం తీసుకుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు. "మా ఇంటి ఆడమనిషి పోయిన పొద్దు నేను ఒక్క చుక్క రానీలేదమ్మా. ఆయన్ను చూసి బిగబట్టుకోని కూచున్నా. నా కూతుర్లు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు" అన్నాడు. ఆ తర్వాత, "ఈ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. నేను లేచాను. గడప దగ్గర ఉండగా వెనక నుంచి, "అయితే నిజంగా ఏమన్నాడమ్మా?" అని అడిగాడు. "అది ముందు నా కొడుక్కి చెప్పల్ల" అన్నాను. బస్సు కోసం నిలబడి వెనక్కి చూస్తే, మిట్టమధ్యాహ్నం దుకాణం షట్టరు దించేసి ఉంది. రాయి సంగతి ఏం చేస్తాడో నాకు తెలియదు. పౌర్ణమి రోజు అందరి ముందూ నేను చెప్పేస్తాను. మఠంలో నన్ను ఉండనిస్తే ఉంటాను, లేకపోతే బడి వంటింటి పక్కన ఒక గది ఉంది.

నన్ను క్షమించమని అడగను. నువ్వు సన్యాసివి, అడిగితే క్షమించేస్తావు. అది నాకు వద్దు. కొడుకుగా నా మీద కోప్పడు. ఒక పేజీ నిండా తిట్టి రాయి, అది కూడా వేపాకు వేసి దాచుకుంటాను. మౌనంలోకి పోవద్దని కూడా రాయను. మీ గురువుగారు పొమ్మంటే పో. కానీ నాయన ఏడవకుండా పోయాడు, నేను ఏడుస్తున్నానే అన్న సిగ్గుతో మాత్రం పోవద్దు. ఆయన నీకోసం మూడు రోజులు ఏడ్చాడు. నేను అంజలి కోసం పద్నాలుగేళ్ళు ఆలస్యంగా ఇప్పుడు ఏడుస్తున్నాను. పొయ్యి ముందు కూర్చుంటే పొగ వల్ల అనుకుంటారు, ఎవరూ అడగరు. ఇది అవిద్య అవునో కాదో మీ గురువుగారిని అడిగి రాయి. ఆయన అవునన్నా సరే, నేను మానను.

ఇంక ఒక్కటే మిగిలింది.

మూడో రోజు మధ్యాహ్నం మీ నాయనకు చూపు పోయింది. చెవులు మాత్రం పని చేస్తున్నాయి. "ఓబులేషు వచ్చినాడా?" అన్నాడు. ఎంత మూర్ఖురాలినో చూడు, అప్పటికి కూడా ఫోను చెయ్యలేదు, "వచ్చినాడు" అన్నాను. ఆయన మొహం ఎట్లా అయిందో నేను రాయలేను. "అన్నం పెట్టినావా?" అన్నాడు. "పెడతాండా" అన్నాను. ఆయన చెవి ఇటు తిప్పి వింటున్నాడు. ఇక తప్పదని నీ కంచం దించి, సంగటి పెట్టి, మంచం పక్కనే నేల మీద పెట్టుకుని కూర్చున్నాను. కంచం చప్పుడు వినాలి కదా ఆయన, అందుకని నేనే తినడం మొదలుపెట్టాను. ఏడుపు బిగబట్టుకుని, ముద్ద వెనక ముద్ద, గబగబా మింగాను. గొంతులో అడ్డం పడి ఎక్కిళ్ళు వచ్చాయి. ఆపుకోవాలని చూస్తే ఇంకా పెద్దగా వచ్చాయి. కృపాకుమారి తలుపు దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఎక్కిళ్ళు విని మీ నాయన నవ్వాడు. అది నువ్వే అనుకున్నాడు. చెయ్యి చాచి గాలిలో వెతికి, నా తల దొరికితే దాని మీద పెట్టి నిమిరాడు.

"నిదానంగా తినమను" అన్నాడు.

ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు.

ఇట్లు,
నీ కంచంలో నీ బదులు తిన్న
మీ అమ్మ
మారెక్క